అమెరికా బానిసత్వ వ్యతిరేకోద్యమంలో పత్రికలు

పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా పత్రికలకు బానిసత్వం ఒక రాబడి మార్గం. 1704లో మొదలైన ‘బోస్టన్ న్యూస్ లెటర్’ తొలి ఏడాదే మనుషుల అమ్మకపు ప్రకటనలు వేసింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ నడిపిన ‘పెన్సిల్వేనియా గెజెట్’ కూడా వాటిని కాదనలేదు. కొనదలచినవారు అచ్చాఫీసులో విచారించుకోవాలని చాలా ప్రకటనల్లో ఉండేది. అంటే అచ్చు వేసినవాడే బేరం కుదిర్చేవాడు కూడా. పక్కనే పారిపోయినవారి కోసం ప్రకటనలు: పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీది బట్టలు, మచ్చలు, పట్టి ఇచ్చినవారికి దక్కే బహుమానం.

ఈ వ్యాపారాన్ని ఎదిరించడానికే పుట్టిన తొలి పత్రికల్లో ఒకటి బానిస రాష్ట్రమైన టెనెసీలోనే వెలువడింది. జోన్స్‌బరోలో ఎలైహు ఎంబ్రీ అనే క్వేకర్ 1820లో ‘ఇమాన్సిపేటర్’ మాసపత్రిక పెట్టాడు. ఒకప్పుడు ఆయనా బానిసల యజమానే. ఆ ఏడాది చివర ఆయన చనిపోవడంతో పత్రిక ఆగింది. మరుసటి ఏడాది గుర్రపు జీనులు కుట్టే బెంజమిన్ లండీ ఒహాయోలో ‘జీనియస్ ఆఫ్ యూనివర్సల్ ఇమాన్సిపేషన్’ మొదలుపెట్టి, తర్వాత టెనెసీకి, అక్కణ్నుంచి బాల్టిమోర్‌కు తరలించాడు. 1829లో అక్కడ ఆయనకు తోడైన యువకుడు విలియం లాయిడ్ గారిసన్. మసాచుసెట్స్ వర్తకుడొకడి ఓడ న్యూ ఆర్లియన్స్‌కు బానిసలను చేరవేస్తోందని రాసినందుకు గారిసన్ మీద పరువునష్టం కేసు పడింది. జరిమానా కట్టలేక 1830లో 49 రోజులు జైల్లో ఉన్నాడు. చివరికి ఆ సొమ్ము న్యూయార్క్ వ్యాపారి ఆర్థర్ టాపన్ కట్టాడు.

గారిసన్‌తోనే ఈ కథ మొదలుపెట్టడం చాలామందికి అలవాటు. కానీ నల్లజాతివారు తమ గొంతుతో మాట్లాడే పత్రికను అంతకుముందే నెలకొల్పుకున్నారు. శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ సంపాదకులుగా న్యూయార్క్‌లో 1827 మార్చి 16న వచ్చిన ‘ఫ్రీడమ్స్ జర్నల్’ అమెరికాలో నల్లజాతివారి యాజమాన్యంలో వెలువడిన మొదటి పత్రిక. తమ తరఫున ఇతరులు మాట్లాడింది చాలునన్నది దాని వైఖరి. రెండేళ్లే నడిచినా దాని ఏజెంట్ల వలయం తర్వాతి పత్రికలకు దారి వేసింది. బోస్టన్‌లో దాని ఏజెంటు డేవిడ్ వాకర్. తిరుగుబాటును సమర్థిస్తూ ఆయన 1829లో అచ్చు వేయించిన కరపత్రం దక్షిణ రాష్ట్రాలను వణికించింది.

గారిసన్ 1831 జనవరి 1న బోస్టన్‌లో ఐజాక్ నాప్‌తో కలిసి ‘లిబరేటర్’ వారపత్రికను ప్రారంభించాడు. తొలి చందాదారుల్లో అత్యధికులు నల్లజాతివారే. ఫిలడెల్ఫియాలో ఓడ తెరచాపల వ్యాపారి, నల్లజాతి సంపన్నుడు జేమ్స్ ఫోర్టెన్ 27 చందాల సొమ్ము ముందే పంపాడు. పత్రిక సర్క్యులేషన్ ఏనాడూ పెద్దది కాదు. మూడు వేల ప్రతుల పత్రిక దేశాన్ని ఎలా కుదిపిందన్నది సహజమైన ప్రశ్న. జవాబు తపాలా చట్టంలో ఉంది. సంపాదకులు తమ పత్రికలను ఒకరికొకరు తపాలా ఖర్చు లేకుండా పంపుకోవచ్చని 1792 చట్టం అనుమతించింది. గారిసన్ తన సంచికలను దక్షిణాది సంపాదకులకు పంపేవాడు. వాళ్లు మండిపడి, ఆయన రాతలను ఎత్తి చూపుతూ తిట్టేవారు. ఆ తిట్లను ఆయన మళ్లీ ‘లిబరేటర్’లో వేసి జవాబిచ్చేవాడు. బానిసత్వాన్ని సమర్థించే రాతల కోసం ఒక శీర్షికే కేటాయించాడు. చందా కట్టని వేలమందికి ఆయన వాదం ప్రత్యర్థుల ఖర్చుతోనే చేరింది. 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వాన బానిసల తిరుగుబాటు జరిగాక నింద ఈ పత్రిక మీద పడింది. టర్నర్ దాన్ని చదివాడనడానికి ఆధారం లేదు. అయినా గారిసన్‌ను పట్టి తెచ్చినవారికి 5,000 డాలర్లు ఇస్తామని జార్జియా శాసనసభ ప్రకటించింది.

ఆవిరి యంత్రాలతో అచ్చు చవకయ్యాక, 1835లో అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీ దక్షిణాదిలోని మతగురువులకు, పెద్దమనుషులకు వాళ్లు అడగకుండానే వేలకు వేలు పత్రికలు పంపింది. జులై 29 రాత్రి చార్లెస్టన్ పోస్టాఫీసులోకి గుంపు చొరబడి ఆ సంచులను ఎత్తుకుపోయింది. మర్నాడు వీధిలో తగలబెట్టింది. పోస్ట్‌మాస్టర్ జనరల్ ఏమస్ కెండాల్ తప్పుపట్టలేదు. ఇలాంటి పత్రికలను నిషేధించే చట్టం కావాలని అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ అడిగాడు. కాంగ్రెస్ దానికి ఒప్పుకోక, ఉత్తరాలను ఆపే తపాలా ఉద్యోగులకు శిక్ష విధించే నిబంధనను 1836లో చేర్చింది. దక్షిణాదిలో దాన్ని పాటించినవారు తక్కువ.

ఉత్తరాదిలోనూ సంపాదకులకు రక్షణ కరువే. 1835 అక్టోబరులో బోస్టన్‌లోనే గుంపు గారిసన్ నడుముకు తాడు కట్టి వీధుల్లో ఈడ్చుకెళ్లింది. మరుసటి ఏడాది సిన్సినాటిలో జేమ్స్ బర్నీ నడిపే ‘ఫిలాంత్రోపిస్ట్’ పత్రిక ముద్రణాయంత్రాన్ని ధ్వంసం చేశారు. ఎలైజా లవ్‌జాయ్ ప్రెస్బిటేరియన్ పాస్టరు, పత్రికా సంపాదకుడు. సెయింట్ లూయిస్‌లో నల్లజాతి నావికుడు ఫ్రాన్సిస్ మెకింటోష్‌ను గుంపు సజీవంగా దహనం చేయడాన్ని ఖండించి, అక్కడ ఉండలేక, నది దాటి ఇల్లినాయిలోని ఆల్టన్ చేరాడు. అది బానిసత్వం లేని రాష్ట్రం. అయినా అక్కడ ఆయన యంత్రాలు వరుసగా మూడు నాశనమయ్యాయి. నాలుగోదాన్ని గోదాములో కాపాడుకుంటూ 1837 నవంబరు 7 రాత్రి తూటాలకు బలయ్యాడు. రెండు రోజులాగితే 35 నిండేవి. ఈ హత్య అంతకుముందు బానిసల గురించి పెద్దగా పట్టించుకోని శ్వేతజాతీయులను కూడా కదిలించింది. తమ సొంత పత్రికా స్వేచ్ఛకే ముప్పు వచ్చిందని వాళ్లకు తోచింది. ఉద్యమానికి ఇంత మేలు చేసిన సానుభూతి ఇంత ఇరుకైనదని చెప్పుకోవలసిందే.

అన్నిటికన్నా పదునైన ప్రయోగం మాత్రం కత్తెరతో జరిగింది. థియోడర్ వెల్డ్, ఆయన భార్య ఏంజెలీనా గ్రిమ్కే, ఆమె అక్క సారా న్యూయార్క్‌లోని ఒక పఠనాలయం పక్కన పడేసిన దక్షిణాది పత్రికలను వేల సంఖ్యలో తెచ్చుకుని నెలల తరబడి చదివారు. ఆ అక్కాచెల్లెళ్లు చార్లెస్టన్‌లోని బానిస యజమాని బిడ్డలే. వాతలు, తెగిన చెవులు, ఇనుప పట్టీల గుర్తులను యజమానులు తమ ప్రకటనల్లో తామే రాసుకున్నారు. వాటినే ఏరి 1839లో ‘అమెరికన్ స్లేవరీ యాజ్ ఇట్ ఈజ్’ పుస్తకం అచ్చు వేస్తే ఏడాదిలో లక్ష ప్రతులు పోయాయి. ఇదంతా అతిశయోక్తి అనేవారికి ఇక నోరు పెగల్లేదు. చార్లెస్ డికెన్స్ తన 1842 నాటి అమెరికా యాత్రాగ్రంథంలో ఆ ప్రకటనలను వాడుకున్నాడు.

ఒకప్పుడు బానిసగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1847 డిసెంబరులో రోచెస్టర్‌లో ‘నార్త్ స్టార్’ పెట్టాడు. వద్దని గారిసన్ వర్గం వారించింది. బ్రిటిష్ మిత్రులు ఇచ్చిన డబ్బుతో ఆయన ముందుకు సాగాడు. రాజ్యాంగం బానిసత్వానికి వ్యతిరేకమేనన్న వాదనకు 1851లో డగ్లస్ మళ్లినప్పుడు గారిసన్‌తో స్నేహం తెగింది. అదే ఏడాది వాషింగ్టన్‌లో గమేలియల్ బెయిలీ నడిపే ‘నేషనల్ ఎరా’లో హారియట్ బీచర్ స్టో నవల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ ధారావాహికగా మొదలైంది. కెనడాలో మేరీ ఆన్ షాడ్ 1853 నుంచి ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’ ద్వారా, తప్పించుకుని వచ్చినవారికి అక్కడి బతుకుతెరువు గురించి చెప్పేది.

బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ 13వ సవరణ 1865 డిసెంబరులో ఆమోదం పొందింది. ఆ నెల 29న గారిసన్ ‘లిబరేటర్’ ఆఖరి సంచిక వేసి, పని పూర్తయిందని పత్రికను ఆపేశాడు. ఉద్యమంలో ఆయన సహచరుడు వెండెల్ ఫిలిప్స్ వర్గం అందుకు ఒప్పుకోలేదు. ఓటు హక్కు రాని విముక్తి సగం విముక్తేనని వాదిస్తూ, నల్లజాతి పురుషుల ఓటుకు 15వ సవరణ హామీ ఇచ్చిన 1870 దాకా ‘నేషనల్ యాంటీ స్లేవరీ స్టాండర్డ్’ పత్రికను నడిపింది.