అరకు యాత్రలో చూడదగినవి

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఖరగ్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములకు విశాఖపట్టణము స్వదేశమునకు వాకిలి. అచ్చటినుండి రైలులో కొండలెక్కి అరకు చేరవచ్చును. ఆ యాత్రలో మొదట చూడదగినది ఆ రైలుమార్గమే.

కొత్తవలస–కిరండూలు మార్గము 1960ల దశకమున విహారమునకై వేసినది కాదు. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునుండి జపానుకు పంపుటకై కూలీలు కొండలను తొలిచి సొరంగములు చేసిరి. నాడది ఖరగ్‌పూరువలెనే ఆగ్నేయ రైల్వేలోనిది. ఈ దారిలోని సిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున నున్నది.

రెండవది బొర్రా గుహలు. నీటిబొట్టు సున్నపురాతిని యుగములపాటు మలచినందున ఏర్పడిన ఈ గుహలమీదుగనే రైలు పోవును. ఈ పరిసర గ్రామములలోని గనుల వివాదముననే, షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులకు గనుల కౌలుకీయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. దీనిని సమతా తీర్పందురు.

మూడవది వారపుసంత. అచ్చట పసుపు, మిరియాలు అమ్మువారితో బేరమాడుటకు ముందు ఈ చరిత్రను తలచుకొనుట మంచిది. ఖనిజము కొండ దిగి పోయినది. కొండవారు కొండమీదనే నిలిచిరి. వారి నేలపై తాము అతిథులమని మరువకుండుటయే యాత్రికులకు యాత్రాఫలము.