ముప్ఫై పౌండ్ల ఆలాపన

పాత రికార్డును దులిపి, తుడిచి, కొత్త పెట్టెలో పెట్టి మళ్ళీ అమ్మడం సంగీత వ్యాపారానికి కొత్త విద్య కాదు. ఒకే ఆల్బమును నాలుగైదు మార్లు కొన్న అమాయకులు మనలోనే కొందరున్నారు (నన్ను లెక్కలోంచి తీసేయనక్కరలేదు). "రీమాస్టర్" అన్న మాట అట్ట మీద కనబడగానే చేయి జేబులోకి పోతుంది. ఇంటికి వచ్చి వింటే, పాత దానికన్నా శబ్దం కాస్త పెద్దదిగా ఉందన్న తృప్తి తప్ప వేరే ఏమీ మిగలని సందర్భాలే ఎక్కువ. అయితే ఒక ఆల్బము విషయంలో మాత్రం ఈ పునర్ముద్రణలు నా చేత చరిత్ర చదివించాయి. అది పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో వెలువరించిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. అందులోనూ నేను చెప్పదలచుకున్నది ఒక్క పాట గురించి. పాట అనడం కూడా సరికాదు, సాహిత్యం లేని ఒక ఆలాపన గురించి.

నేను దాన్ని మొదటిసారి విన్నది కాపీ చేయించుకున్న క్యాసెట్టులో. ఖాళీ క్యాసెట్టు ఇస్తే ఎక్కించి ఇచ్చే దుకాణాలుండేవి కదా, అటువంటి ఒక చోట. లోపలి కాగితం మీద పాటల పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి, అంతే. మొదటి వైపు చివర పియానో మెల్లగా మొదలై, దాని మీద ఒక స్త్రీ గొంతు లేచి, ఏడ్చి, అరచి, అలసి, చివరకు నిట్టూర్పై అణగిపోతుంది. ఒక్క మాట లేదు. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు కొన్ని ఏళ్ళు పట్టింది. ఆ గొంతుకు రావలసిన పేరు పూర్తిగా రావడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టిందని మరికొన్నేళ్ళకు గాని తెలియలేదు.

కథ మొదటినుంచి చెప్పుకోవాలి. ఈ ఆల్బము స్టూడియోలో పుట్టలేదు, రంగస్థలం మీద పుట్టింది. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ నలుగురూ దీన్ని 1972 జనవరి నుంచే కచేరీలలో వాయించడం మొదలుపెట్టారు. రికార్డు రావడానికి ఏడాదికి పైగా ముందు! బ్రైటన్‌లో మొదటిసారి వాయించినప్పుడు యంత్రాలు మొరాయించి మధ్యలోనే ఆపవలసి వచ్చింది. అప్పటి రూపంలో మన ఆలాపన ఉన్న చోట మృత్యువు గురించి ఒక ఖండం ఉండేది. ఆర్గన్ వాద్యం మీద బైబిలు పఠనాలు, మాల్కమ్ మగ్గరిడ్జ్ అనే ప్రసిద్ధ వ్యాఖ్యాత ప్రసంగాల ముక్కలు టేపు మీద వినిపించేవారు. చావు గురించి చెప్పడానికి వారికి అప్పట్లో పరుల మాటలే దిక్కయ్యాయన్నమాట.

1972 వేసవిలో లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో ముద్రణ మొదలయింది. పదహారు ట్రాకుల టేపు యంత్రం. ఇంజినీరు అలన్ పార్సన్స్, స్టూడియోలో జీతానికి పనిచేసే యువకుడు. అంతకుముందు బీటిల్స్ చివరి రోజుల రికార్డులకు సహాయకుడిగా ఉన్నవాడు. 'టైమ్' పాట మొదట్లో ఒక్కుమ్మడిగా మ్రోగే గడియారాలు ఆయన వేరే పని కోసం పాత గడియారాల దుకాణంలో ముద్రించి ఉంచుకున్నవే. 'మనీ' పాటలో నాణేల గలగల, కాగితం చిరిగే చప్పుడు, గల్లాపెట్టె మోత, ఇవన్నీ టేపును ముక్కలుగా కోసి, స్కేలుతో కొలిచి, అతికించి, చుట్టలా తిప్పగా వచ్చిన ఏడు దెబ్బల తాళం. కంప్యూటరు లేని కాలంలో కత్తెర, జిగురు పట్టీ చేసిన పని అది. ఆల్బము మొదట వినిపించే గుండె చప్పుడు గుండెది కాదు, డ్రమ్ముది.

ఇలా ఒక్కొక్క శబ్దానికీ ఇంత శ్రమ పడ్డవారికి ఆ ఒక్క చోట మాత్రం ఏమి పెట్టాలో చివరిదాకా తోచలేదు. రైట్ సమకూర్చిన స్వరమేళాలు అద్భుతంగా ఉన్నాయి. బైబిలు పఠనాలు తీసివేశారు. చంద్రయాత్రికులు భూమితో మాట్లాడిన మాటల టేపును పియానో మీద వేసి చూశారు. అదీ నచ్చలేదు. ఆల్బము పూర్తికావడానికి కొద్ది రోజుల ముందు, ఇక్కడ ఒక స్త్రీ గొంతు ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. పార్సన్స్ ఒక పేరు చెప్పాడు: క్లేర్ టోరీ.

ఆమెకు అప్పుడు ఇరవై అయిదేళ్ళు. పిలిచిన చోటికి వెళ్ళి, ఇచ్చింది పాడి, రుసుము పుచ్చుకుని వచ్చే గాయని. పింక్ ఫ్లాయిడ్ అంటే ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. శనివారం రమ్మంటే ఆ సాయంత్రం చక్ బెర్రీ కచేరీకి టిక్కెట్టు కొనుక్కున్నాను, కుదరదన్నదట. (ఈ వివరం నాకు ఎంతో ఇష్టం. చరిత్ర ఒక టిక్కెట్టు కోసం ఒక రోజు ఆగింది!) అలా 1973 జనవరి 21, ఆదివారం సాయంత్రం ఆమె స్టూడియోకు వెళ్ళింది. ఆదివారం గనుక రుసుము రెట్టింపు: ముప్ఫై పౌండ్లు.

సాహిత్యం లేదన్నారు, బాణీ లేదన్నారు. ఇది జననమరణాల గురించిన ఆల్బము, ఈ స్వరమేళాల మీద ఏదైనా పాడమన్నారు. మొదట ఆమె అలవాటైన పద్ధతిలో ఒకటి రెండు ప్రేమపాటల మాటలు తగిలించి పాడబోతే మాటలు వద్దన్నారు. అప్పుడు తనను తాను ఒక వాద్యమనుకుని పాడాలని నిశ్చయించుకున్నానని ఆమె తరువాత చెప్పుకుంది. రెండు మార్లు పూర్తిగా పాడి, మూడవసారి మధ్యలో ఆపేసింది. ఇక తన దగ్గర కొత్తగా ఇవ్వడానికేమీ లేదనిపించిందట. ఆ ముద్రణల నుంచి ఏరి కూర్చినదే మనం వింటున్నది. లోపల కూర్చున్నవారు పెద్దగా మెచ్చుకున్నదీ లేదు, తెగడినదీ లేదు. ఇది రికార్డుకెక్కదనుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. తరువాత ఒకనాడు రికార్డుల దుకాణంలో ఆ ఆల్బమును చూసి, లోపల తన పేరు చదివి గాని తన గొంతు అందులో ఉందని తెలుసుకోలేదు.

అవును, పేరు మొదటినుంచీ ఉంది, గాయనిగా. రచన దగ్గర మాత్రం రిచర్డ్ రైట్ ఒక్కరి పేరే. ఈ రెండింటి మధ్య తేడాలోనే మొత్తం వ్యవహారమంతా దాగి ఉంది. పాడినవారికి ఆనాటి పద్ధతిలో ఒక్కసారి రుసుము ముడితే బాకీ తీరినట్టే. రచయితకు అలా కాదు. రికార్డు అమ్మినప్పుడల్లా, రేడియోలో మ్రోగినప్పుడల్లా ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. ఈ ఆల్బము అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 1973 నుంచి 1988 దాకా మొత్తం 741 వారాలు ఉన్నది. అమ్ముడైన ప్రతులు నాలుగు కోట్లు దాటాయని అంచనా. ఆ ప్రతులన్నిటిలోనూ ఆమె గొంతు ఉంది. ఆమెకు ముట్టినది ముప్ఫై పౌండ్లు.

ఇక పునర్ముద్రణల సంగతి. వీటి జాబితా చెప్పబోవడం లేదు, చెబితే పురాణమవుతుంది. 1980లలో తొలి సీడీలు, 1992లో 'షైన్ ఆన్' పెట్టె కోసం కొత్త మాస్టరు, 2003లో ముప్ఫయ్యో ఏటి ముద్రణ. ఈ చివరిదానికి జేమ్స్ గత్రీ అయిదు స్పీకర్ల మిశ్రమం తయారుచేశాడు, స్టార్మ్ థోర్గర్సన్ తన పాత పట్టకం బొమ్మను రంగుటద్దాల కిటికీలా మార్చాడు. ఒక్కమాట చెప్పి ముందుకు పోతాను. రీమాస్టరు వేరు, రీమిక్స్ వేరు. మొదటిది తయారై ఉన్న మిశ్రమాన్నే మళ్ళీ టేపు నుంచి జాగ్రత్తగా దించి, హెచ్చుతగ్గులు సరిచూడడం. రెండవది గొంతు, గిటారు, డ్రమ్ము విడివిడిగా ఉన్న ట్రాకుల దగ్గరికి వెనక్కి వెళ్ళి మళ్ళీ కలపడం. పాత ఇంటికి సున్నం కొట్టించడానికీ, గోడలు జరపడానికీ ఉన్నంత తేడా. అన్నట్టు, సీడీ వచ్చాక మనం పోగొట్టుకున్నది ఒకటుంది. ఎల్పీలో ఈ ఆలాపనతో మొదటి వైపు ముగుస్తుంది. ఆ గొంతు అణగిపోయాక లేచి వెళ్ళి రికార్డు తిరగేసేదాకా నిశ్శబ్దమే. సీడీలో ఆ వ్యవధి లేదు. నిట్టూర్పు చెవిలో ఉండగానే గల్లాపెట్టె మ్రోగుతుంది. ఏ రీమాస్టరూ ఆ నిశ్శబ్దాన్ని తిరిగి తేలేదు.

2004లో క్లేర్ టోరీ బృందం మీదా, ఈఎంఐ మీదా లండన్‌లో దావా వేసింది. ఆమె వాదం సూటిగా ఉంది: స్వరమేళాలు రైట్‌వే కావచ్చు, వాటి మీద సాగిన రాగం అప్పటికప్పుడు నేను కల్పించినది, కనుక రచనలో నేనూ భాగస్వామిని. 2005లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీ పడ్డాయి. షరతులు బయటపెట్టలేదు. కానీ ఆ తరువాత వచ్చిన ముద్రణలలో రచన దగ్గర రైట్ పక్కన టోరీ పేరు చేరింది.

ముప్ఫయ్యేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు అని ఆనాడు అడిగినవారున్నారు. ఆ ప్రశ్నకు వేరొక కేసులో ఇంగ్లండు అత్యున్నత న్యాయపీఠమే జవాబిచ్చింది. ప్రోకోల్ హారమ్ బృందపు 1967 నాటి ప్రసిద్ధ గీతంలో ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్ 2005లో దావా వేస్తే, 2009లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆలస్యం అతని హక్కును చంపదని తీర్పు చెప్పింది. మన దేశంలో 1949 నాటి 'మహల్' రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు సినిమాలోని పాత్ర పేరు 'కామిని' అని వేసిన సంగతి చాలామందికి తెలిసినదే. గాయకులకు రాయల్టీ హక్కు మన చట్టంలోకి 2012 సవరణతో గాని రాలేదు. మన తెలుగు నేపథ్య గాయకులకూ అదే ఆధారం. అయితే టోరీ పొందినది గాయని హక్కు కాదు, రచయిత్రి హక్కు. అది ఇంకా పెద్దమాట.

రైట్ మీద నాకు కోపం లేదు. ఆ పియానో లేకపోతే ఆ గొంతు నిలబడడానికి నేల లేదు. పైగా విధి ఆయనతోనూ పరిహాసమాడింది. 'ది వాల్' ముద్రణ సమయంలో వాటర్స్ ఆయనను బృందం నుంచి సాగనంపాడు. ఆ ఆల్బము కచేరీలలో (1980-81) రైట్ జీతం పుచ్చుకునే వాద్యకారుడిగా వాయించాడు. ఆ కచేరీలు నష్టాల్లో నడిచాయి. నష్టాన్ని మిగతా ముగ్గురు యజమానులూ పంచుకున్నారు. లాభపడ్డవాడు జీతగాడైన రైట్ ఒక్కడే! ఆయన 2008లో పోయాడు.

నన్ను మార్చినది 2011 నాటి పెద్ద పెట్టె. ఆరు డిస్కులు, వాటితోపాటు గోలీలు, మెడకు చుట్టుకునే స్కార్ఫు, గ్లాసుల కింద పెట్టుకునే బిళ్ళలు. సంగీతం కొనడానికి వెళ్ళినవాడికి గోలీలెందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ ఆ డిస్కులలో ఒకదాని మీద పార్సన్స్ 1972 చివర చేసిన తొలి మిశ్రమం ఉంది, టోరీ స్టూడియోలో అడుగుపెట్టక మునుపటిది. అందులో ఆ పియానో వస్తుంది, అదే మేళం, అదే నడక. దాని మీద చంద్రయాత్రికుల పొడిపొడి మాటలు. బాగానే ఉంది. వినవచ్చు. రెండవసారి వినాలనిపించదు.

ఆ డిస్కు విన్న రాత్రి నేను వెంటనే అసలు ముద్రణ పెట్టుకుని విన్నాను. ఒకదాని వెంట ఒకటి వింటే తేలే సంగతి లాయర్ల వాదనలు చదివితే తేలదు. కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికి అరలోంచి తీసిన పాత టేపే ఆమె తరఫున సాక్ష్యం చెబుతోంది. రాజీకి ఆరేళ్ళ తరువాత వచ్చిన సాక్ష్యం, కోర్టుకు అక్కరలేనిది. నాకు కావలసి వచ్చింది.

2023లో యాభై ఏళ్ళు నిండినప్పుడు గత్రీ చేసిన కొత్త రీమాస్టరుతో మరొక పెట్టె వచ్చింది. అదే ఏడు వాటర్స్ మొత్తం ఆల్బమును ఒంటరిగా తిరిగి ముద్రించి విడుదల చేశాడు. 2024లో బృందం తన రికార్డుల హక్కులను సోనీ సంస్థకు సుమారు నలభై కోట్ల డాలర్లకు అమ్మినట్టు వార్తలు వచ్చాయి. నేను 2023 పెట్టె కొనలేదు. దుకాణంలో మాత్రం వెనుక అట్ట తిప్పి, కళ్ళజోడు సవరించుకుని చూశాను. మొదటి వైపు, చివరి పాట. రైట్, టోరీ. రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాలలో ఉన్నాయి.