తూరియా నీటి తీర్పు

స్పెయిన్ దేశపు తూర్పు తీరమున, మధ్యధరా సముద్రమునకు చేరువలో, తూరియా నది ఒడ్డున వాలెన్సియా నగరము కలదు. ఆ నగరమునకు పోవువారికి ఏ దినమునందైనను చూడదగినవి చాల లభించును. కాని ఆ సీమ చరిత్రలోని ఆయువుపట్టును కన్నులార చూడగోరువారు గురువారమునాడు వెళ్లవలెను. ఆనాడు మధ్యాహ్నము పండ్రెండు గంటలు కొట్టునప్పటికి పెద్ద చర్చి యొక్క 'అపొస్తలుల ద్వారము' ముందు జనము గుమిగూడియుందురు. నల్లని పైచొక్కాలు తొడిగిన ఎనిమిదిమంది రైతులు వచ్చి, గుండ్రని కంచె నడుమ వేసిన పాతకాలపు కుర్చీలలో కూర్చుందురు. ఇత్తడి కొక్కెము అమర్చిన పొడుగాటి కర్రను చేతబట్టిన బంట్రోతు, అధ్యక్షుని అనుమతి గైకొని, క్వార్త్ కాలువ ముద్దాయిలెవరైన ఉన్నారా యని గొంతెత్తి పిలుచును. అటు పిమ్మట తక్కిన కాలువల పేర్లను ఒకదాని తరువాత నొకటిగ పిలుచును. పలుమారులు పలికెడివాడుండడు. కొన్ని నిమిషములలో సభ ముగియును. కెమేరాలు పట్టుకొని వచ్చిన యాత్రికులు ఇంతేనా యని పెదవి విరుతురు. పిలిచినప్పుడు ఎవడును పలుకకపోవుటయే ఆ సభ యొక్క ఘనత యని నా అభిప్రాయము. ఊరందరి యెదుట గురువారపు ద్వారము ముందు నిలువవలసివచ్చునను సిగ్గుచేత పెక్కు తగవులు కాలువగట్టుననే తీరిపోవును.

ఫిర్యాదు ఉన్ననాడు దృశ్యము వేరు. తన వంతు కానివేళ తూము ఎత్తినవాడు, కాలువ పూడిక తీయనివాడు, పొరుగువాని చేనిలోనికి నీరు పొంగనిచ్చినవాడు సభకు రావలసియుండును. పలుకవలసిన వంతు ఎవరిదో అధ్యక్షుడు పాదముతో చూపుట ఆచారము. వకీలు ఉండడు. కాగితముల కట్టలు ఉండవు. వాదము, సాక్ష్యము, తీర్పు అన్నియు అక్కడివారి వాలెన్సియా భాషలో నోటిమాటగనే జరుగును. తీర్పుపై అప్పీలు లేదు. ఏ కాలువపై తగవు వచ్చినదో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. నదికి కుడిగట్టున ఉన్న రైతు ముద్దాయి యైనచో ఎడమగట్టువాడు అధ్యక్షత వహించును. ఎడమగట్టువాడైనచో కుడిగట్టువాడు వహించును. ఎనిమిదిమందియు స్వయముగ సేద్యము చేయువారే. వారిని ఎన్నుకొనువారు ఆ కాలువల ఆయకట్టుదారులే.

ఇక నీటి లెక్క. ఒక్కొక్క కాలువకు గల హక్కును 'ఫిలా'లలో చెప్పుదురు. ఫిలా యనగా ఇన్ని ఘనపుటడుగులని కాదు. ఆనాడు నదిలో పారు నీటిలో ఇన్నవ వంతు అని అర్థము. నది నిండినప్పుడు అందరికిని ఎక్కువ, నది సన్నగిల్లినప్పుడు అందరికిని తక్కువ. నీరు భూమిని అంటిపెట్టుకొనియుండును. భూమిని విడిచి నీటిని మాత్రము అమ్ముకొనుటకు వీలులేదు. ఇదే తీరము వెంబడి దక్షిణమునకు పోయినచో, ఖర్జూరవనములకు పేరుగన్న ఎల్చేలోను, ఇంకను దూరమున లోర్కాలోను, నీటిని వేలమువేసి అమ్ముచుండిరి. కరవునాట ధనము గలవాని చేను తడిసెడిది. లేనివాడు గట్టున నిలిచి చూచుచుండెడివాడు. రెండు పద్ధతులును ఒకే తీరమున, ఒకే నాగరికత నీడలో పెరిగినవే. ఈ వ్యత్యాసమును తలచినప్పుడు వాలెన్సియా రైతులు ఆ ఎనిమిది కుర్చీలను ఏల అంత ప్రాణముగ చూచుకొందురో బోధపడును.

వాలెన్సియా నగరమును క్రీ.పూ. 138లో రోమనులు నెలకొల్పిరి. క్రీ.శ. 711లో అరబ్బులు, బెర్బెరులు జిబ్రాల్టర్ దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టిన కొద్దికాలమునకే ఈ తీరము వారి వశమైనది. నదికి అడ్డముగ చిన్న ఆనకట్టలు, వానినుండి కాలువలు, కాలువలనుండి బోదెలు – ఈ అల్లిక బలిసి విస్తరించినది ఆ ముస్లిము పాలనలోనే. ఇందుకు శాసనములకంటె మాటలే గట్టి సాక్ష్యము. స్పెయిన్‌లో పంటకాలువను 'అసేకియా' అందురు. అది అరబ్బీ 'సాఖియా'. నగరమునకు దక్షిణమున, ఇసుకతిప్పచే సముద్రమునుండి వేరుపడిన పెద్ద మడుగు పేరు 'అల్బుఫేరా'. అది అరబ్బీలో 'అల్-బుహైర', అనగా చిన్న సముద్రము. మన శ్రోతలకు మరింత దగ్గరి మాట ఒకటి కలదు. స్పెయిన్‌వారు 'నరాన్హా' యనునది మన నారింజయే. సంస్కృత 'నారంగ' శబ్దము పారసీకుల నోటను, అరబ్బుల నోటను సాగి, చెట్టుతో కూడ ఆ తీరమున దిగినది. మొదట వెళ్లినది పుల్లనారింజ. తీపినారింజ తోటలు వ్యాపారముకొరకు ఆ సీమలో లేచినది 18వ శతాబ్ది చివర.

అల్బుఫేరా చుట్టును వరిచేలు పరచుకొనియుండును. తీగ లాగినట్లు సాగిన గట్లు, నడుమ చదునుదోనెలు – మన కోనసీమ చూచినవారికి అది క్రొత్తసీమ యని తోచదు. ఆ వరి కూడ అరబ్బుల వెంట వచ్చినదే. నిలువనీటివలన చలిజ్వరములు పుట్టుచున్నవని మధ్యయుగపు రాజులు నగరము చెంత వరి వేయరాదని పలుమారులు ఆజ్ఞలు వెడలించిరి. రైతులు వాటిని లెక్కచేయలేదు. నేడు లోకమంతటను పేరుకెక్కిన 'పాయెయ్యా' యను అన్నపు వంటకము ఈ ధిక్కారముయొక్క ఫలమే యనవచ్చును.

1238లో అరగాన్ ప్రభువైన మొదటి జేమ్స్ నగరమును ముట్టడించెను. లోపల నున్న జయ్యాన్ అను అమీరు తన కార్యదర్శియు కవియు నగు ఇబ్న్ అల్-అబ్బార్‌ను ట్యూనిస్ సుల్తాను కడకు పంపెను. కవి అచ్చట తన నగరపు దుర్దశను పద్యములలో వినిపించెను. సుల్తాను కరిగి ఓడలు పంపెను గాని అవి తీరమును చేరలేకపోయెను. నగరమును అప్పగించు ఒప్పందములో తోడ్పడిన ఆ కవియే తరువాత ప్రవాసియై ట్యూనిస్ చేరి, 1260లో అక్కడి పాలకుని ఆగ్రహమునకు గురియై ప్రాణములు కోల్పోయెను. 1238 అక్టోబరు 9న జేమ్స్ నగరమున ప్రవేశించెను. పెద్ద మసీదు చర్చి యైనది. ఇండ్లు, పొలములు విజేతల నడుమ పంపకమైనవి.

నీటికి మాత్రము క్రొత్త చట్టము చేయుటకు ఆ రాజు సాహసింపలేదు. 1239లో ఆయన కాలువలను నగరవాసులకు దానమిచ్చుచు, ముస్లిముల కాలమున ఏ ఆచారము నడచినదో ఆ ఆచారముననుసరించియే నీరు పంచుకొనవలెనని ఆనతిచ్చెను. గెలిచినవాడు ఓడినవాని చట్టమును చేత వ్రాసి ఒప్పుకొనిన సందర్భములు చరిత్రలో అరుదు. అందు ఔదార్యమును వెదకనక్కరలేదు. ఒక్క వారము వంతు తప్పినచో పైరు ఎండును. పైరు ఎండినచో పన్ను రాదు.

నీటిసభ చర్చి లోపల గాక బయట ఏల కూర్చుండునని అడిగినచో, ముస్లిము రైతులు లోనికి రాజాలరు గనుక ద్వారము ముందు పెట్టిరని ఆ యూరివారు చెప్పుదురు. శుక్రవారము ప్రార్థనకు ముందుదినము గనుక గురువారము ఏర్పడినదనియు ప్రతీతి. సభ 960లో కార్డొవా ఖలీఫాల కాలమున ఏర్పడెనని చెప్పి, 1960లో వేయేండ్ల పండుగ కూడ జరిపిరి. వ్రాత లేని సభకు ఇంత నిర్దిష్టమైన జన్మదినము కుదురుట నాకు నమ్మశక్యము కాదు. చరిత్రకారులలోను ఇట్టి సందేహము గలవారు కలరు. సభ పుట్టిన ఏడాది తెలియకున్నను, దాని వెనుకనున్న పంపకపు ధర్మము విజయమునకు పూర్వపుదని 1239 నాటి పత్రమే చెప్పుచున్నది.

చట్టము నిలిచినది. చట్టమును నడపినవారి సంగతి వేరు. విజయానంతరము ముస్లిములు క్రమముగ నగరపు మాగాణులనుండి లోనాటి కొండలోయలకు నెట్టబడిరి. 1521 ప్రాంతమున చేతిపనివారి తిరుగుబాటులో వారికి కత్తిమొనపై జ్ఞానస్నానము చేయించిరి. 1525లో చక్రవర్తి ఐదవ చార్లెస్ అందరును మతము మారవలెనని శాసించెను. ఇట్లు మారినవారికి 'మోరిస్కో' లని పేరు. తురకల నౌకలతో చేయి కలుపుదురను భయము, బాప్తిస్మము పొందియు మనసు మారలేదను అనుమానము వారిని ఒక శతాబ్దము వెంటాడెను. వాలెన్సియా ఆర్చిబిషప్ హువాన్ ద రిబేరా వారిని వెడలగొట్టవలెనని రాజునకు మరల మరల వ్రాసెను. ఆయనకు 1960లో రోమునగరము పునీతుడను పదవి నిచ్చినది. ముస్లిము ఖలీఫాల పేర నీటిసభకు వేయేండ్ల పండుగ జరిగినదియు ఆ సంవత్సరముననే.

1609 సెప్టెంబరు 22న మూడవ ఫిలిప్ రాజు పక్షమున వాలెన్సియాలో రాజప్రతినిధి ఉత్తర్వు చాటించెను. మోరిస్కోలు మూడు దినములలో రేవులకు బయలుదేరవలెను. మోయగలిగినంత సొత్తు మాత్రము వెంట గొనిపోవచ్చును. ఇల్లు గాని పైరు గాని తగులబెట్టినవారికి మరణదండనము. ఆ ఉత్తర్వులోనే మరియొక వాక్యము కలదు. నూరు ఇండ్లున్న ఊరిలో ఆరు ఇండ్లవారు ఉండిపోవచ్చును – ఎందుకనగా ఇండ్లను, చెరకు గానుగలను, వరిపంటను, నీటిపారుదలను కాపాడి క్రొత్తగ వచ్చువారికి నేర్పుటకు. నూటికి తొంబదినలుగురిని అవిశ్వాసులని వెడలగొట్టుచు, ఆరుగురిని పంట నేర్పుటకు ఉంచుకొందుమనుట! ఆ ఆరిండ్లవారిలోను పెక్కుమంది ఉండుటకు ఒప్పుకొనలేదు. తమవారితోనే ఓడలెక్కిరి.

దేనియా, అలికాంతే, వినరోస్, వాలెన్సియా రేవులనుండి వారిని ఓరాన్‌కు చేర్చిరి. వాలెన్సియా రాజ్యమునుండి వెడలినవారు సుమారు 1,20,000 మంది. ఆ రాజ్యపు జనాభాలో మూడవవంతునకు దగ్గర. 1614 నాటికి స్పెయిన్ అంతటనుండి పోయినవారు దాదాపు 3,00,000. లాగ్వార్ లోయలో కొందరు కొండలెక్కి ఎదిరించి 1609 నవంబరులోనే ఓడిపోయిరి. ఓరాన్ దిగినవారిలో పెక్కుమందిని దారిలో దోచిరి. తమ ఘనకార్యమును చిత్రములుగ వ్రాయించుకొనవలెనని రాజునకు తోచినది. 1612, 1613 సంవత్సరములలో చిత్రించిన ఆ రేవుల పటములు నేటికిని వాలెన్సియాలో ఉన్నవి. మూటలు మోయు స్త్రీలు, బిడ్డలు అందు స్పష్టముగ కన్పట్టుదురు.

ఈ దెబ్బ తూరియా మాగాణికంటె దక్షిణపు లోయలకు బలముగ తగిలినది. గాందియా ప్రభువు చెరకుతోటలు పాడుపడినవి. దేనియాకు లోపల అల్కలా లోయలో అత్సువియేతా అను మోరిస్కో పల్లె శిథిలములై ఇంకను నిలిచియున్నది. సముద్రస్నానమునకు దేనియా వచ్చువారు ఒక పూట వెచ్చించి ఆ కొండదారిని పోయి చూడవలెను. కప్పులేని గోడలు, ఇరుకు సందులు, చుట్టును మెట్లు మెట్లుగ కట్టిన పొలములు. ఖాళీయైన పల్లెలకు మయోర్కా ద్వీపమునుండి కుటుంబములను తెచ్చి నింపిరి. తార్బెనా అను ఊరివారి మాటతీరులో ఆ ద్వీపపు యాస నాలుగు వందల ఏండ్లకును పోలేదు.

ఈ సీమ సంగతి మన దేశమునకు ఒకప్పుడు అవసరపడినది. గోదావరి ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట, నీటిని తెచ్చుటకంటె పంచుటయే కష్టమని ప్రభుత్వమునకు తెలియవచ్చెను. లండనులోని ఇండియా ఆఫీసు ఉద్యోగి క్లెమెంట్స్ మార్కమ్ 1867లో తూర్పు స్పెయిన్ నీటిపారుదలపై నివేదిక సమర్పించెను. మరుసటి ఏట మన దేశపు కాలువలపై పనిచేసిన ఇంజనీరు స్కాట్-మాంక్రీఫ్ దక్షిణ యూరపు నీటిపారుదలపై గ్రంథము ప్రకటించెను. నివేదికలు బీరువాలలో చేరినవి. ఆయకట్టుదారులే సంఘములుగ ఏర్పడి కాలువలను చూచుకొనవలెనను చట్టము ఆంధ్రప్రదేశ్‌లో వచ్చుటకు 1997 వరకు వేచియుండవలసివచ్చెను.

నది ఎల్లకాలము మచ్చికగ నుండదు. 1957 అక్టోబరు 14న తూరియా పొంగి నగరమును ముంచి ఎనుబదిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. అంతట నదినే నగరమునకు దక్షిణముగ మళ్లించిరి. పాత నదీగర్భము నేడు వంతెనలక్రింద సాగు చక్కని ఉద్యానము. క్రొత్త పాయ త్రవ్వినది మాగాణి గుండెలలోనుండియే. 2024 అక్టోబరు 29న మరల ప్రళయము వచ్చినప్పుడు ఆ పాయ నగరమును రక్షించినది. దానికి దక్షిణముననున్న పైపోర్తా మున్నగు ఊళ్లు మాత్రము మరియొక వాగు పొంగున మునిగి, ఆ మండలమున 220 మందికి పైగా మరణించిరి.

2009లో యునెస్కో వాలెన్సియా నీటిసభను మానవజాతి వారసత్వములలో చేర్చినది. 2018లో మాగాణిని కాపాడుటకు ప్రత్యేక చట్టము వచ్చినది. ఆ చట్టము వచ్చునాటికి రోడ్లు, మేడలు పెక్కు చేలను మింగివేసియున్నవి. నగరము నడుమనుండి పోవు రోవెల్లా కాలువక్రింద తడియుటకు మిగిలిన భూమి మిక్కిలి స్వల్పము. అయినను గురువారము పండ్రెండు గంటలకు దాని ప్రతినిధి నల్లచొక్కా తొడుగుకొని వచ్చి తన కుర్చీలో కూర్చుండును. బంట్రోతు తక్కినవాటితోపాటు రోవెల్లా పేరును పిలుచును.