నాగసాకి తోబుట్టువులు

సెయింట్ పాల్‌లో మా అమ్మాయి ఇంటికి వేసవిలో వచ్చినప్పుడల్లా మనవణ్ణి కోమో పార్కుకు తిప్పడం నా డ్యూటీ. వాడికి ఏడేళ్లు. జిరాఫీలూ, ధ్రువపు ఎలుగుబంట్లూ అయ్యాక, అద్దాల మేడలో మొక్కలన్నీ చూసుకుని, పక్కనున్న జపాన్ తోటలోకి దూరతాం. చిన్న కొలను, గులకరాళ్లు, వంచి పెంచిన పైన్ చెట్లు, రాతి దీపస్తంభాలు. మొన్నటిసారి వాడు అడిగాడు:

"తాతయ్యా, ఇది ఎవరు కట్టారు?"

"నాగసాకి వాళ్లు ఇచ్చారురా. 1979లో. అక్కడి నుంచి మసామి మత్సుదా అనే ఆయన వచ్చి, ఏ రాయి ఎక్కడుండాలో గీసిచ్చాడు."

"ఎందుకిచ్చారు?"

ముప్ఫై ఏళ్లు ఇంజన్ రూముల్లో బతికినవాణ్ణి. యంత్రం ఎందుకు ఆగిందని అడిగితే ఠక్కున చెబుతాను. దీనికి మాత్రం నోరు పెగల్లేదు. వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

1986లో మా ఓడ మరమ్మతుకని నాగసాకి డ్రై డాక్‌లో మూడు వారాలు ఉంది. అప్పుడు నేను సెకండ్ ఇంజనీర్‌ని. పగలంతా పిస్టన్లు, వాల్వులు. సాయంత్రం ట్రామెక్కి ఊరు మీద పడేవాళ్లం. మా పని చూసే యార్డు ఫోర్‌మన్ ఒకాయన, యాభై దాటినవాడు, ఒకరోజు మాకు కస్తెలా కేకు డబ్బా తెచ్చిపెట్టాడు. పైకి మామూలు స్పాంజి కేకే. అడుగున మాత్రం పలుకు పంచదార కరకరలాడింది. పోర్చుగీసు వాళ్లు నేర్పి వెళ్లిన వంట అట. అణుబాంబు పడ్డప్పుడు మీకెంత వయసని మావాడొకడు అడిగేశాడు. ఆయన మాట్లాడకుండా అరచెయ్యి తన ఛాతీ ఎత్తున గాలిలో అడ్డంగా పట్టి, అంత ఎత్తుండేవాణ్ణని చూపించాడు. అంతే. మళ్లీ గాస్కెట్ల లెక్కలోకి వెళ్లిపోయాం.

1945 ఆగస్టు 9, ఉదయం 11 గంటల 2 నిమిషాలు. ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్లు సుమారు 74 వేలు. ఇది జరిగి పదేళ్లు కాగానే, 1955 డిసెంబరు 7న, నాగసాకీ అమెరికాలోని సెయింట్ పాల్ నగరమూ సోదర నగరాలయ్యాయి. జపాన్, అమెరికా ఊళ్ల మధ్య ఇలాంటి బంధం అదే మొదటిది. డిసెంబరు 7 అంటే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన రోజు. ముహూర్తం ఏరికోరి పెట్టుకున్నట్టే ఉంది.

జపాన్ భాషలో దీన్ని 'షిమాయ్ తోషి' అంటారు. షిమాయ్ అని రాసే రెండు అక్షరాల్లో ఒకటి అక్క, రెండోది చెల్లెలు. అచ్చం మన తెలుగు తంటాయే. అక్కో చెల్లెలో తేల్చకుండా మనమూ పిలవలేం. తోబుట్టువు అని తప్పించుకుంటాం, లేదా పేపరు వాళ్లలా 'సోదర నగరం' అని ఏకంగా మగవాణ్ణి చేసేస్తాం. ఈ పెద్దా చిన్నా పేచీ చైనాకు నచ్చలేదు. అందుకే 1973లో జపాన్‌లోని కోబే, చైనాలోని తియాన్‌జిన్ నగరాలు జత కట్టినప్పుడు 'మైత్రీ నగరాలు' అనే మాట వాడారు. నాగసాకి 1980లో చైనాలోని ఫుజౌతో కలిసినప్పుడూ అదే మాట.

ఫుజౌతో నాగసాకికి పాత చుట్టరికం. ఆ ఊరి నుంచి వచ్చిన వర్తకులు 1629లో కట్టుకున్న సోఫుకుజి గుడి ఇప్పటికీ ఉంది. బ్రెజిల్‌లోని సాంతోస్‌తో 1972లో కలిశారు. 1908లో మొదటి జపాన్ వలస కూలీలతో 'కసాతో మారు' ఓడ చేరిన రేవు అది. 1978లో పోర్చుగల్‌లోని పోర్తో. పోర్చుగీసు ఓడల కోసం నాగసాకి రేవు తెరిచింది 1571లో. అదే 1978లో డచ్చి వాళ్ల మిడిల్‌బర్గ్ కూడా చేరింది. డచ్చి ఈస్టిండియా కంపెనీకి జీలాండ్ శాఖ ఉన్న ఊరు.

డచ్చి వాళ్ల ఊసు వచ్చింది కాబట్టి మా ఊరి మాట ఒకటి చెప్పక తప్పదు. మాది బందరు. చిన్నప్పుడు డచ్చి సమాధుల దగ్గర గోళీలాడిన వాళ్లం. మా ఊళ్లో వాళ్లు కోఠీ పెట్టింది పదిహేడో శతాబ్దం మొదట్లోనే. నాగసాకిలో మాత్రం 1641 నుంచి రెండు వందల ఏళ్ల పైచిలుకు వాళ్లను దెజిమా అనే విసనకర్ర ఆకారపు దీవిలో కట్టిపడేశారు. దీవి మొత్తం నాలుగెకరాల లోపే. నేను చూసినప్పటికి చుట్టూ సముద్రం పూడ్చేసి, దీవి ఊళ్లో కలిసిపోయింది. పదిహేనో వంతు సైజులో కట్టిన దాని నమూనా ఒకటి మాత్రం, పిల్లల బొమ్మరిల్లులా ఆరుబయట ఉంది. కోరమాండల్ తీరపు అద్దకం బట్ట ఈ దీవి మీదుగానే జపాన్ చేరేది. వాళ్లు దాన్ని 'సరసా' అనేవారు. టీ సేవించే పెద్దమనుషులు దానితో సంచులు కుట్టించుకునేవారు. ఆ లెక్కన బందరుక్కూడా నాగసాకితో ఓ చుట్టరికం ఉన్నట్టే. కాగితం మీద రాసినవాడే లేడు.

స్కాట్లాండ్‌లోని అబర్దీన్ 2010లో వచ్చింది. అక్కడ పెరిగిన థామస్ గ్లోవర్ 1859లో నాగసాకిలో దిగి, ఓడలూ తుపాకులూ అమ్మాడు, బొగ్గు గనిలో చెయ్యి పెట్టాడు, 1870లో దివాలా తీశాడు. కొండ మీద అతని బంగళా నుంచి చూస్తే ఎదురుగా షిప్‌యార్డు, మా ఓడా కనిపించాయి. నాకు బంగళా కంటే అతను సత్సుమా సంస్థానం వాళ్లతో కలిసి కట్టించిన కొసుగె స్లిప్ డాక్ నచ్చింది. ఓడను ఒడ్డుకు లాగే తొట్టి, పట్టాల మీద పూసల చట్రంలా కనిపించేదని జనం దానికి 'సొరొబాన్ డాక్' అని పేరు పెట్టారట. సొరొబాన్ అంటే లెక్కల పూసల చట్రం.

ఈ ఊళ్లన్నిటి విషయంలో చరిత్ర ముందు నడిచింది, సంతకాలు వెనక వచ్చాయి. సెయింట్ పాల్ సంగతే తలకిందులు. సముద్రం మొహం చూడని ఊరు, మిసిసిపి ఒడ్డున, చలికాలంలో గడ్డకట్టే ఊరు. నాగసాకికి దానితో వర్తకమూ లేదు, వలసా లేదు. ముందు సంతకం పెట్టి, చరిత్ర తర్వాత సంపాదించుకోవాల్సి వచ్చింది.

ఆ సంపాదనలో ఒక చేదు పద్దు ఉంది. బాంబు పడ్డచోటికి అర కిలోమీటరు దూరంలో ఉరకామి చర్చి ఉండేది. గోడల మొండేలు మిగిలాయి. హిరోషిమాలో శిథిలంగానే ఉంచిన డోమ్‌లా వీటినీ ఉంచాలని నగరం వేసిన కమిటీయే చెప్పింది. నాగసాకి మేయరు తగావా 1956లో సెయింట్ పాల్ పిలుపు మీద అమెరికా వెళ్లొచ్చారు. 1958లో ఆ మొండేలు కూల్చేశారు. ఈ రెంటినీ ముడిపెట్టి 2009లో తకాసే త్సుయోషి అనే పాత్రికేయుడు ఒక పుస్తకమే రాశాడు. విశ్వాసుల వైపు మాటా వినాలి. క్రైస్తవం నిషిద్ధమైన రోజుల్లో వాళ్ల ముత్తాతలను పిలిపించి, ఏసు బొమ్మను తొక్కమని పరీక్ష పెట్టింది ఆ స్థలంలోనే. కొత్త చర్చి అక్కడే కావాలని పట్టుబట్టారు, 1959లో కట్టుకున్నారు. బేరింగు విప్పి చూడకుండా రిపోర్టు మీద సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు. అందుకని కూల్చివేతకు ఆ ప్రయాణమే కారణమని అనను. కానీ కొత్తగా వియ్యమందినవాళ్ల కళ్లకు కనిపించకుండా ఇంట్లో పగిలిన కుండలు సర్దేసే మర్యాద మనకు తెలియనిది కాదు. ఆ అనుమానం నాకు పోలేదు. మిగిలిన గోడ ముక్క ఒకటి బాంబు పేలిన చోట పార్కులో నిలబెట్టారు. దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకోబోయి మానేశాను.

అక్కడికి కొద్ది దూరంలోనే శాంతి పార్కు. కితమురా సెయిబో మలచిన పెద్ద విగ్రహం 1955దే, సెయింట్ పాల్ సంతకాల ఏడాదిదే. దాని ముందు దారి పొడవునా దేశదేశాల కానుకలు. చెకోస్లొవేకియాది, తూర్పు జర్మనీది, సోవియట్ యూనియన్‌ది చూసి దండం పెట్టాను. ఇచ్చిన ఆ మూడు దేశాలూ ఇప్పుడు మ్యాపులో లేవు. మిడిల్‌బర్గ్ ఊరు ఇచ్చిన తల్లీబిడ్డల విగ్రహం ఉంది, ఊరూ ఉంది. సెయింట్ పాల్ బొమ్మ మాత్రం అప్పటికి లేదు. పాల్ గ్రాన్‌లండ్ చేసిన ఆ శిల్పం, ఏడు ఖండాల పేర ఏడుగురు మనుషులు ఒకరినొకరు పట్టుకుని తిరుగుతున్నట్టుండేది, 1992లో చేరింది. తోట ఇచ్చిన పదమూడేళ్లకు బదులు ముట్టిందన్నమాట.

ఇదంతా మా వాడికి చెప్పలేదు. "మనవాళ్లు వాళ్ల ఊరు పాడుచేశారు, తర్వాత స్నేహం అడిగారు, వాళ్లు తోట ఇచ్చారు" అన్నాను. 'మనవాళ్లు' అని నా నోట ఎలా వచ్చిందో నాకే తెలీదు. పుట్టింది ఇక్కడే కదా వాడు.

"సారీ చెప్పారా?" అన్నాడు.

గేటు మూసే వేళయింది. కొలను పక్కన గొడుగులాంటి వెడల్పాటి కప్పున్న దీపస్తంభం చూపించాను. మంచు దాని మీద పేరుకుంటే చూడ్డానికి బాగుంటుందని జపాన్‌లో అలా చెక్కుతారని చెప్పాను. నాగసాకిలో మంచు పడేది బహు తక్కువ. ఇక్కడ నెలల తరబడి పడుతుంది. చలికాలం దీన్ని చూడ్డానికి అమ్మతో వస్తానన్నాడు. ఆ నెలల్లో తోట తీయరు.