అంకుడుమ్రాను: తోటలోని శాస్త్రము, తరిమెనపై శిల్పము

సామర్లకోట యన్నంతనే నేటివారికి రైలుకూడలియు, భీమేశ్వరాలయమును స్ఫురించును గాని, పదునెనిమిదవ శతాబ్ది చివరిభాగమున నచ్చట నొక యుద్భిజ్జవనము వర్ధిల్లినదనియు, తెలుగుసీమ మ్రాకులు పెక్కింటికి ప్రపంచశాస్త్రమున స్థానము లభించుటకు నా తోటయే మూలమైనదనియు నెఱిగినవారు మిక్కిలి యరుదు. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున శస్త్రవైద్యుడై మద్రాసు చేరిన విలియం రాక్స్‌బరో, 1781లో సామర్లకోటకు వచ్చి, చికిత్సాకార్యముల నడుమ దొరకిన తీరికనంతయు మొక్కలకే యర్పించి, మిరియము, కాఫీ, దాల్చినచెక్క, చెఱకు, నీలి మున్నగువానిని పెంచి పరీక్షించెను. కంపెనీవారి దృష్టి లాభముపైననే యుండెను. ఆయన దృష్టి మాత్రము లాభమును దాటి, పొలముగట్టున మొలచిన ప్రతి మొక్కపైనను ప్రసరించెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి యాయన రచించిన మహాగ్రంథము మూడు సంపుటములై, 300 చిత్రములతో, 1795 మొదలు పాతికేండ్లపాటు లండనున వెలువడెను. ఆ చిత్రములను లిఖించినవారు ఈ దేశపు చిత్రకారులు. ముఖపత్రముపై నున్నది దొరగారి పేరొక్కటియే. ఆకుయీనెను, కేసరమును అంత సూక్ష్మముగ పట్టుకొన్న యా చేతులెవ్వరివో చరిత్ర వ్రాసికొనకపోవుట నాకెప్పుడును ఖేదమునే కలిగించును.

రాక్స్‌బరో వర్ణించిన వృక్షములలో అంకుడు ఒకటి. తుంచినచో పాలు కారును. తెల్లని పూవులు పూయును. కాయలు జంటలై, కొనలయందు కలిసి వ్రేలాడును. దీని యాకులనుండి నీలిరంగు తీయవచ్చునని యాయన శ్రద్ధతో పరిశోధించెను. అద్దకమునకు పనికివచ్చునదను నర్థముగల లాటిన్ విశేషణమును దానికి తగిలించినదియు నందులకే. తరువాత రాబర్టు బ్రౌను దానిని వేఱొక ప్రజాతిలో చేర్చి, స్కాట్లండు వైద్యుడగు విలియం రైటు పేరిట 'రైటియా' యని పిలిచెను.

వర్తకులు ఆకునందు నీలిని వెదకిరి. మన పనివారు కొయ్యయందు రూపమును చూచిరి. వరాహానదీతీరమున, ఎలమంచిలి చెంతనున్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు ప్రాణాధారము ఈ అంకుడుకఱ్ఱయే. దంతమునకు దీటైన తెల్లదనము, నున్నని పోగు, ఉలికి లొంగు మెత్తదనము దీని గుణములు. బాగుగ నారిన ముక్కను తరిమెనకు బిగించి, పూర్వమైనచో ఒకరు త్రాడు లాగుచుండగా, నేడైనచో విద్యుచ్ఛక్తితో త్రిప్పుచుండగా, పనివాడు ఉలి నానించునప్పటికి పొట్టు రేకులు రేకులుగ లేచి, కుంకుమభరిణెయో బొంగరమో క్రమముగ నాకృతి దాల్చును. అటుపిమ్మట రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కొయ్యకు ఒత్తిపట్టును. రాపిడివలన పుట్టిన వేడిమికే లక్క కరగి, పూతయై యంతటను పరచుకొనును. కుంచె లేదు, నిప్పు లేదు. చివరకు మొగలియాకుతో రుద్దినంతనే యా పూతకు అద్దపు మెఱుగు వచ్చును. ఎంత ఒత్తిన పూత సమముగ పాఱునో, ఎప్పుడు చేయి తీయవలెనో గ్రంథములు చెప్పజాలవు. అది తండ్రిచేతి ప్రక్కన చేయి యుంచి నేర్చుకొనవలసిన విద్య.

1793లో రాక్స్‌బరో కలకత్తా తోటకు అధ్యక్షుడై వెడలిపోగా, సామర్లకోట తోట బెంజమిన్ హైనే యను వైద్యుని పాలబడెను. టిప్పుసుల్తాను పతనానంతరము, హైనేను బెంగుళూరు లాల్‌బాగునకు నియోగించిరి. అచ్చటికి చేరువనున్న చన్నపట్టణమున లక్కబొమ్మలు చేయువారు వాడు కఱ్ఱయు ఈ మ్రానుదే యగుట, వేర్వేరు భాషలవారిని ఒక్క చెట్టే ఒక్క వృత్తియందు నిలిపినదనుటకు చక్కని నిదర్శనము.

ఇరువదవ శతాబ్దిలో రసాయనికవర్ణములు చవుకగ దొరకుటచే ఏటికొప్పాకలో మూలికారంగులు వెనుకబడెను. పసిబిడ్డలు నోట బెట్టుకొను వస్తువులకు విషవర్ణములు పూయుట తగదని తలచి, ఆ గ్రామమునకు చెందిన సి. వి. రాజు పసుపు, నీలి, జాఫ్రాగింజలు మొదలగువానినుండి రంగులు తీయు పద్ధతులను మరల వాడుకలోనికి తెచ్చెను. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించెను. అంతకుముందు 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళికసూచిక ప్రాప్తించెను. ఈ గౌరవములు సముచితములే గాని, అంకుడుచెట్టు లేనిచో వీనిలో నేదియు పనివానికి కూడు పెట్టజాలదు. కొండవాలుల యడవులు పలచబడుకొలదిని కఱ్ఱ దూరమగుచున్నది, వెల పెరుగుచున్నది. బెంగుళూరు, కలకత్తా తోటలలో పూవుల సొంపు చూచుటకు వచ్చువారికి ఈ మ్రాను చెంత నొక తరిమెనను గూడ చూపినచో, చెట్టుకును చేతికినిగల సంబంధము ప్రత్యక్షముగ బోధపడును. ఊరి బంజరులలో దీనిని పెంచుట కష్టము గాదు: మొదలు మిగిల్చి కొమ్మలను కొట్టినచో మరల చిగిర్చు స్వభావము దీనికి కలదు.