తాతయ్య రెండు తవ్వలు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మా వీధిలో అందరికీ లంబసింగి గుర్తొస్తుంది. మంచు చూడాలని అర్ధరాత్రే కార్లలో బయల్దేరతారు. "మీ అమ్మగారు చింతపల్లిలో పెరిగారటగా! ఆ కొండల్లో బాల్యం, ఎంత అదృష్టమండీ!" అంటుంది పక్కింటావిడ. నేను నవ్వి ఊరుకుంటాను.

అదృష్టం సంగతి ఎలా ఉన్నా, ఆ చలిని మాత్రం అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. "లంబసింగిని కొర్రబయలు అనేవాళ్లమే. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు" అంటుంది.

అమ్మ 1950లో పుట్టింది. తాతయ్యది నర్సీపట్నం దగ్గర పల్లె. ఒక్క ట్రంకు పెట్టెతో ఘాటీ ఎక్కి, చింతపల్లిలో ఉప్పు, కిరసనాయిలు, ముతక గుడ్డలు అమ్మే కొట్టు పెట్టాడు. మన్యం జ్వరమంటే అప్పట్లో అందరికీ హడలే. అమ్మమ్మ పిల్లలకి క్వినైను మింగించి, చేదు పోవడానికి బెల్లం ముక్క పెట్టేదట. ఆ బెల్లం కోసం లేని జ్వరం తెచ్చుకునేవాణ్ణని మా మావయ్య చెప్పేవాడు.

అమ్మ కబుర్లలో కొండలు ఎప్పుడూ పచ్చగానే ఉండవు. దసరా దాటితే వలిసె పూసి కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుండేదట. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్లు వేటకి పోతే, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేసేవారట. తాతయ్య అంతటివాడు కూడా కానీ ఇవ్వందే కదలడానికి లేదు! అది చెప్పేటప్పుడు అమ్మ మొహం వెలిగిపోతుంది.

ఇక సంత. చీకటితో లేచి, కావిళ్లు భుజాన వేసుకుని ఎక్కడెక్కడి ఊళ్లనుంచో నడిచి వచ్చేవారు. చోళ్లు, కందులు, వలిసెలు, చింతపండు, కరక్కాయలు, పసుపు. తిరిగి వెళ్లేటప్పుడు అందరి బుట్టల్లోనూ ఉండేది ఉప్పు. కొండమీద అన్నీ పండుతాయి గాని, ఉప్పు పండదు కదా!

తాతయ్య కొట్టులో రెండు ఇత్తడి తవ్వలుండేవి. ఒకటి కొనడానికి, ఒకటి అమ్మడానికి. కొనే తవ్వ పొట్ట కాస్త పెద్దది. అమ్మే తవ్వకి అడుగు లోపలికి నొక్కి ఉండేది. మా ఇంట్లో పెళ్లిళ్లకీ పేరంటాలకీ నలుగురూ చేరితే ఈ కథ చెప్పుకుని పడీపడీ నవ్వేవారు. "ఏం బుర్రండీ ఆయనది!" అనేవారు. నేనూ నవ్వేదాన్ని.

బి.ఎ.లో చేరాక, చరిత్ర క్లాసులో మన్యం తిరుగుబాటు పాఠం వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసు ఠాణానే. "మా అమ్మ వాళ్ల ఊరు!" అని పక్కపిల్లని గిల్లాను. ఆ తర్వాత కారణాలు చెప్పారు. 1882 అడవి చట్టంతో పోడు మీద పడిన ఆంక్షలు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వెయ్యడానికి గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లచేత చేయించిన వెట్టి. ఇవాళ మంచు చూడ్డానికి కార్లు పోయేది ఆ దారినే. ఆ వరసలోనే ఇంకో మాట వచ్చింది: మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు, వాళ్ల అప్పులు. కొండవాళ్ల భూములు అలా చేతులు మారిపోతున్నాయనే 1917లో ఒక చట్టం కూడా చేశారట.

నాకు చప్పున రెండు తవ్వలూ కళ్లముందు మెదిలాయి. తాతయ్య కొట్టు ఆ తిరుగుబాటు అయిపోయిన ఎన్నో ఏళ్లకి పెట్టినదే. అయితేనేం, తవ్వలు మాత్రం ఆ పాతకాలం తవ్వలే!

సెలవులకి ఇంటికి రాగానే అమ్మని నిలదీశాను. అమ్మ గోంగూర ఒలుస్తోంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పంక్తి భోజనాల్లో ఎవరూ చెప్పని కథ చెప్పింది.

అప్పుడు అమ్మకి తొమ్మిదేళ్లు. ఉప్పు కొలిచే పని తనదే. తన నేస్తం తల్లి వలిసెలు తెచ్చి పెద్ద తవ్వతో కొలిపించి, చిన్న తవ్వతో ఉప్పు పట్టుకుంది. రెండింటినీ మార్చి మార్చి చూసి, "సావుకారు పిల్లా, మీ తవ్వకి పుచ్చుకునేటప్పుడు ఆకలెక్కువ, ఇచ్చేటప్పుడు ఆకలే ఉండదు" అని నవ్విందట.

"తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నే. నవ్వింది" అంది అమ్మ. "దాని పెద్దకొడుకు తండ్రి చేసిన అప్పుకి ఇంకో సావుకారు ఇంట్లో పశువులు కాస్తుండేవాడు. గొత్తి అనేవారు. నాకు అప్పటికి అదంతా తెలీదు. ఆవిడ ఒడిలో ఇంకో పిడికెడు ఉప్పు పోశాను. ఆ పిడికెడుకీ మీ తాతయ్య నాకు రాత్రి అన్నం పెట్టనివ్వలేదు."

గొత్తిని 1940లోనే చట్టం రద్దు చేసిందని నాకు పాఠంలో చెప్పారు. ఆ సంగతి పశువులు కాసే పిల్లాడికి ఎవరూ చెప్పలేదన్నమాట!

1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. మెట్రిక్ కొలతల చట్టం కూడా ఆ ఏడే వచ్చింది. నెమ్మదిగా చింతపండు డిపోలకి పోసాగింది, కొట్లలోకి కిలో రాళ్లు వచ్చాయి, తవ్వలు మూలపడ్డాయి. 1970లో 1/70 చట్టంతో మైదానంవాళ్లు అక్కడ భూమి కొనే వీలు లేకుండా పోయింది. తాతయ్య కొట్టు కట్టేసి కొండ దిగాడు. "ఆ చట్టంతో సర్వం పోగొట్టుకున్నాం" అని మా మావయ్య నిన్నమొన్నటిదాకా అంటూనే ఉన్నాడు. ఒకసారి అమ్మ ఉండబట్టలేక, "ట్రంకు పెట్టెతో ఎక్కాం, లారీ సామానుతో దిగాం. ఏం పోయిందిరా?" అంది. ఆ పూట మావయ్య భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు.

తాతయ్యని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు. నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి ఆయన. ఆ తవ్వలతో కొలిచిన మనిషీ ఆయనే. ఒకటి చెప్పి రెండోది దాచేస్తే మన ఇంటి కథ కూడా దొంగ తవ్వే అవుతుంది కదూ!

పెద్ద తవ్వ ఏమైందో ఎవరికీ తెలీదు. అడుగు నొక్కిన తవ్వ ఇప్పుడు మా బియ్యం డబ్బాలో ఉంది. అమ్మ దాంతో బియ్యం కొలిచినప్పుడల్లా పైన ఇంకో పిడికెడు వేసేది. ఏదో ఇంటి ఆచారం అనుకుని నేనూ అలాగే వేస్తూ వచ్చాను. మొన్న మా అమ్మాయి, "ఆ పిడికెడు ఎందుకమ్మా?" అని అడిగింది.

స్టవ్ కట్టేసి, కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను.