సాక్షికి ఎవరి అనుమతి?

సర్కారు కొలువు చేసిన మనకు కోర్టు సమను కొత్త కాదు. అయితే సమను అందుకున్న గుమాస్తా ఎవరి అనుమతితో నోరు విప్పాలి అన్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. అది తెలియక నేను చేసిన పొరపాటును మీ ముందుంచుతున్నాను.

1974లో నేను యలమంచిలి ప్రాంతంలో ఒక ఆఫీసులో చిన్న గుమాస్తాను. ఒక వితంతువు భూమి దావాలో ఫైలుతో హాజరు కమ్మని సమను వచ్చింది. అందులో శాసనసభ ప్రశ్నకు మా ఆఫీసు పంపిన జవాబు తాలూకు చిత్తుప్రతి ఉంది. ఆవిడ ప్లీడరుకు కావలసింది అదే. మా హెడ్డు గుమాస్తా గారు, "ఏమోయ్ అబ్బాయ్, ఆ కాగితం తీసుకెళ్ళకు. శాసనసభ అనుమతి లేదని చెప్పు" అన్నారు. కోర్టులో అలాగే చెప్పాను. "ఏ నిబంధన ప్రకారం?" అని జడ్జిగారు అడిగితే జవాబు లేదు. కేసు వాయిదా పడింది.

నిజానికి అటువంటి నియమం లేకపోలేదు. సభ గుమాస్తా గాని, అధికారి గాని, సాక్ష్యాలు రాసుకునే షార్టుహ్యాండు లేఖకుడు గాని సభ ముందు, కమిటీల ముందు జరిగిన విషయాలపై సభ ప్రత్యేక అనుమతి లేకుండా వేరొక చోట సాక్ష్యం చెప్పరాదని బ్రిటిష్ కామన్స్ సభ 1818 మే 26న తీర్మానించింది. సభ ముందుకు వచ్చి నిజం చెప్పినవాడికి రక్షణ ఉండాలన్నది దాని ఉద్దేశం.

మన రాజ్యాంగం 105, 194 అధికరణాల ద్వారా పార్లమెంటుకూ, రాష్ట్ర శాసనసభలకూ ప్రత్యేక హక్కులిచ్చింది. లోక్‌సభ హక్కుల కమిటీ నివేదికను సభ 1957 సెప్టెంబరు 13న ఆమోదించింది. దాని ప్రకారం సభ కార్యకలాపాలపై గాని, సభ కార్యదర్శి వద్దనున్న పత్రాలపై గాని సభ్యుడైనా, ఉద్యోగి అయినా సాక్ష్యం చెప్పాలంటే సభ అనుమతి కావాలి. సమావేశాలు లేనప్పుడు న్యాయం ఆలస్యం కాకుండా, అత్యవసరమైతే స్పీకరే పత్రాలకు అనుమతి ఇచ్చి, తరువాత సభకు తెలియజేయవచ్చు. న్యాయం ఆగరాదన్న ఆ జాగ్రత్త గమనించండి.

మరి మా బీరువాలోని చిత్తుప్రతి? అది సభ కార్యదర్శి ఆధీనంలోనిది కాదు, మా శాఖది. 1872 నాటి సాక్ష్య చట్టం 123వ సెక్షను ప్రకారం రాజ్య వ్యవహారాలకు చెందిన అప్రకటిత రికార్డులకు శాఖాధిపతి అనుమతి చాలు. 162వ సెక్షనైతే, అభ్యంతరం ఉన్నా పత్రాన్ని కోర్టుకు తీసుకురావలసిందే, అభ్యంతరం సంగతి కోర్టే తేలుస్తుంది అంటుంది. అంటే మేము రెండు విధాలా తప్పే!

మూడో వాయిదాకు శాఖాధిపతి అనుమతి వచ్చింది. కాగితంలో రహస్యమేమీ లేదు. కాని ఆవిడ మూడుసార్లు కూలి మానుకుని వచ్చింది. "బాబూ, ఇయ్యాలైనా కాయితం తెచ్చినారా?" అన్న ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ మరుసటి ఏడాదే, 1975 జనవరి 24న, రాజ్‌నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రభుత్వం రహస్యమన్నంత మాత్రాన సరిపోదు, అవసరమైతే పత్రాన్ని కోర్టు తానే చూసి నిర్ణయిస్తుందని చెప్పింది. ఆ కేసులో పత్రాల కోసం సమను అందుకున్నవారిలో రాయ్‌బరేలీ పోలీసు సూపరింటెండెంటు ఆఫీసు హెడ్డు గుమాస్తా కూడా ఒకరు! మనలాంటివాడే.

2024 జులై 1 నుంచి పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. 123వ సెక్షను అందులో 129 అయింది. ఉద్యోగంలో ఉన్న మన పిల్లలకు నేను చెప్పేదొక్కటే. అనుమతి అవసరమైన చోట సమను అందిన రోజే రాతపూర్వకంగా అడగండి. అడగకుండానే "లేదు" అని చెప్పకండి. సభకైనా, శాఖకైనా ఆ అధికారం ఇచ్చింది నిజాన్ని కాపాడడానికే గాని, గుమాస్తా దాని చాటున దాక్కోవడానికి కాదు.